ద్విచక్ర దాంపత్యం

పందొమ్మిదేళ్లుగా ఇందుపల్లి హైమవతి పరాయి భాషల సినిమాల అడుగున కనిపించే తెలుగు అక్షరాలు రాసి బతుకుతోంది. తెర మీద ఎవరు ప్రేమించుకున్నా, ఎవరు చచ్చిపోయినా, ఆ సంగతిని రెండు వరుసల్లో సర్దేయడం ఆమె పని. ఆమె రాసినవి లక్షల మంది చదివారు. ఆమె పేరు మాత్రం ఒక్కరూ చదవలేదు. ఆ పేరు తెర మీదికి వచ్చేసరికి జనం సీటు కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

అలాంటి హైమవతికి ఒకరోజు విజయవాడ గవర్నరుపేటలోని పరదేశ చిత్ర స్వీయీకరణ మండలి నుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరాన ఎక్కడో ఒక చలి దేశంతో మండలికి సాంస్కృతిక ఒప్పందం కుదిరింది. వాళ్ల సినిమా ఒకటి మనం తెలుగులో తీయాలి. ఆ సినిమాకు లోగడ అడుగు అక్షరాలు రాసింది హైమవతే కాబట్టి, తెలుగు కథా మాటలూ ఆమెనే రాయమన్నారు.

ఆ సినిమాలో ఉన్నది ఇద్దరే మనుషులు. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటిన మొగుడూ పెళ్లాం. ఒక ఆదివారం, ఒక వంటిల్లు, కిటికీ బయట మంచు. ఆమె కప్పులు తుడుస్తూ తుడుస్తూ ఉన్నట్టుండి అడుగుతుంది: "నన్ను నువ్వు చివరిసారి చూసిందెప్పుడు?" ఆయన నిమిషంన్నర సేపు ఏమీ అనడు. తక్కిన సినిమా అంతా ఆ నిమిషంన్నరకు సంజాయిషీ.

అడుగు అక్షరాలు రాసే రోజుల్లో ఆ నిమిషంన్నర దగ్గర హైమవతికి రాయడానికి ఏమీ లేకపోయింది. ఊరికే చూస్తూ కూర్చుంది. పక్క గదిలో భర్త నరహరి వార్తలు వింటున్నాడు. నరహరి విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరు. మంచివాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన గొంతు ఎక్కువగా వినిపించింది ఫోన్లో, సబ్‌స్టేషన్ వాళ్లతో.

నలభై రోజుల్లో ఆమె కథ పూర్తి చేసింది. వంటింటిని సత్యనారాయణపురంలో పెట్టింది. మంచుకు బదులు ముసురు పెట్టింది. కప్పుల బదులు స్టీలు గ్లాసులు పెట్టింది. మనుషుల్ని మాత్రం ఇద్దరినే ఉంచింది. రాసినన్నాళ్లూ ఆమెకు ఆకలి బాగా వేసింది.

మండలికి ఒక నియమం ఉంది. గతంలో తీసిన ఒక సినిమాలో హీరో పొద్దున్నే రొట్టెముక్కకు వెన్న రాసుకున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారు. అప్పటి నుంచి ఏ సినిమాకైనా స్థానికత ఎనభై శాతానికి తగ్గకూడదు. దాన్ని కొలవడానికి నలభై రెండు గడులున్న నమూనా-7 అనే కాగితం ఉంది. ఆ గడులు నింపడానికి స్థానికతా అధికారిణి జొన్నాడ ఫణికుమారి ఉంది. వీళ్లందరి మీదా ఛైర్మన్ దివ్వెల త్రివిక్రమరావు గారున్నారు. ఆయన అంతకుముందు పశుసంవర్ధక శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పరాయి సినిమాను మన సినిమాగా మార్చడంలో తన పూర్వానుభవం అక్కరకొస్తుందని ఆయన గట్టి నమ్మకం.

"విదేశీ జాతినీ, దేశవాళీ జాతినీ సముచిత నిష్పత్తిలో సంకరపరచినచో దిగుబడి పెరుగును," అన్నారాయన మొదటి సమావేశంలో. "మన ధ్యేయం కూడా అదే. ఫణికుమారి గారూ, మీ నివేదిక."

ఫణికుమారి కళ్లద్దాలు సర్దుకుంది. "ప్రస్తుత స్థానికత ముప్పై నాలుగు శాతం సార్. ప్రధాన లోపం జనసాంద్రత. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. మేడమ్, మిగతావాళ్లు ఏరి?"

"మిగతావాళ్లు లేరండీ. వాళ్లిద్దరి కథే," అంది హైమవతి.

"లేరంటే, ఎక్కడికి వెళ్లారు? ఏదైనా పెళ్లికా?"

సినిమాకు డైరెక్టరు షేక్ నాగూర్. గుంటూరు కుర్రాడు, ముప్పై దాటలేదు, రెండు చిన్న సినిమాలు తీసి రెండు బహుమతులు తెచ్చుకున్నాడు. "మేడమ్, అది ఇద్దరి సినిమా. మూడో మడిసొస్తే ఇంకేం మిగలదు," అన్నాడు.

"మూడో మనిషి వద్దనడం మన సంస్కృతికి విరుద్ధం," అన్నారు ఛైర్మన్ గారు. ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది.

అత్తగారు వచ్చింది. ఆమె వెంట తోడికోడలు వచ్చింది. పై వాటాలో అద్దెకున్నవాళ్లు నలుగురు వచ్చారు. ఊరి నుంచి పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మ వేషం ఛైర్మన్ గారి వదినగారికి ఇచ్చారు. స్థానికత యాభై రెండుకు పెరిగింది.

రెండో సమావేశంలో వంటిల్లు చర్చకు వచ్చింది. మగమనిషి వంటింట్లో అంతసేపు కూర్చునే అలవాటు ఈ ప్రాంతంలో లేదని ఫణికుమారి గడి చూపించి చెప్పింది. భర్తను హాల్లోకి మార్చారు. భార్య వంటింట్లోనే ఉంది. మధ్యలో గోడ ఉంది కాబట్టి ఒకరి మాట ఒకరికి చేర్చే బాధ్యత అత్తగారి మీద పడింది. హైమవతి పళ్లు బిగించి ఆ సన్నివేశం రాసింది.

"ఒరేయ్, నువ్వు దాన్ని చూట్టం లేదంటందిరా."

"చూస్తూనే ఉన్నానని చెప్పమ్మా."

"చూస్తన్నాడంటనే!"

"ఎక్కడ చూస్తున్నారో అడగండి అత్తయ్యా."

"ఎక్కడ చూస్తన్నావురా?"

రిహార్సల్లో అత్తగారి వేషం వేసిన ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. ఛైర్మన్ గారు మాత్రం కళ్లు తుడుచుకున్నారు. "మూలంలో లేని ఆర్ద్రత వచ్చింది," అన్నారు.

మూడో సమావేశంలో అసలు ప్రశ్నకే ఎసరు వచ్చింది. 'నన్ను చివరిసారి చూసిందెప్పుడు' అనే వాక్యం ఎదుట సామాజిక ప్రయోజనం అనే గడి ఖాళీగా ఉందట. అక్కడొక ఉచిత కంటి వైద్య శిబిరం పెడితే ఆరు మార్కులొస్తాయట. దాంతో భర్త శిబిరానికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకొని ఇంటికొచ్చి, "అయ్యో, ఇంత చిక్కిపోయావేమిటే!" అనేలా రాయించారు. ఇక మూలంలో భార్య చివర్లో అనే 'విడిపోదాం' అన్న మాట మిగిలింది. విడిపోవడమనేది మనకు అన్నదమ్ముల మధ్య విషయమని తీర్మానించి, ఒక తమ్ముణ్ణీ నలుగురు పెద్దమనుషుల్నీ చేర్చారు. నిమిషంన్నర మౌనాన్ని కొట్టేశారు. "థియేటరులో కరెంటు పోయిందని ప్రేక్షకులు ఆందోళన చెందే ప్రమాదం కలదు" అని కారణం రాశారు.

అలా కథలోకి మొత్తం ఇరవై మూడు మంది చేరారు. స్థానికత డెబ్బై ఒకటి దగ్గర ఆగి కదలలేదు.

ఆ సాయంత్రం హైమవతి నమూనా-7 ప్రతిని భోజనాల బల్ల మీద పరచుకొని కూర్చుంది. నరహరి వచ్చి ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏమైంది?"

"మొగుడూ పెళ్లాం ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీను ఒక్కటీ మిగల్లేదండీ."

నరహరి కాసేపు ఆ గడులు చదివాడు. "మా మీటరు కాయితం దీనికంటే నయం," అని స్నానానికి వెళ్లాడు.

తొమ్మిది శాతం ఎక్కడ తగ్గుతోందో ఛైర్మన్ గారికీ అంతుబట్టలేదు. మూడు రోజులు ఆలోచించి, శాస్త్రీయ పద్ధతి ప్రకటించారు. "మన రాష్ట్ర దంపతులు ఏకాంతంలో ఏమి మాట్లాడుకొనెదరు, ఎచ్చట మాట్లాడుకొనెదరు, ఎంతసేపు? దీనిపై క్షేత్రస్థాయి సర్వే నిర్వహింపవలెను." పన్నెండు వందల జంటలను ఎంచారు. మనుషులు చాలక ఫణికుమారి కూడా సంచీ తగిలించుకొని బయల్దేరింది. ఆమె జాబితాలో హైమవతి ఇల్లూ ఉంది.

నరహరి ఆరోజు సెలవులో ఉన్నాడు. ముందుగదిలో కూర్చోబెట్టి ఫణికుమారి మొదలుపెట్టింది.

"మీరు మీ శ్రీమతితో ఏకాంతంగా చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"ఏకాంతంగా అంటే ఎట్టాగండీ?"

"మూడో వ్యక్తి, టీవీ, ఫోను లేకుండా."

నరహరి చాలాసేపు కిటికీ వంక చూశాడు. వంటింట్లో కాఫీ కలుపుతున్న హైమవతి చెంచా ఆపింది.

"పోయిన మంగళవారం," అన్నాడు చివరికి. "పటమట నించి వస్తన్నాం. బండి మీద."

"సంభాషణ సారాంశం?"

"మా నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదు, నాకు ఏడుపు రాలేదు అని చెప్పా."

"ఆవిడ స్పందన?"

"ఏదో అంది. పక్కనుంచి లారీ వాడు హారన్ కొట్టాడు. నాకు వినబళ్లేదు. మళ్లీ అడగలేదు."

హైమవతి కాఫీ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. ఫణికుమారి ఉన్న సంగతి ఆమె మరిచిపోయింది.

"ఏడ్చారు అన్నాను," అంది. "పదకొండో రోజు పొద్దున, బాత్రూంలో కుళాయి తిప్పుకొని. బకెట్టు నిండి నీళ్లు పొర్లిపోతున్నా కట్టలేదు. నేను తలుపు బయటే నిలబడ్డాను."

నరహరి ఆమె వైపు చూశాడు. పళ్లెం అందుకుందామని లేచి, మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచి, "లోపలికి రాకపోయావా," అన్నాడు.

"గడియ వేసుకున్నారు కదండీ."

ఫణికుమారి పెన్ను పట్టుకొని కాగితం మీద ఏ గడిలో రాయాలో వెతికింది. దొరకలేదు. 'ఇతరములు' అన్నచోట ఏదో మొదలుపెట్టి కొట్టేసింది. కాఫీ తాగి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మా ఆయనకూ నాకూ స్కూటరు లేదండీ. ఆయన ఊళ్లు తిరిగే ఉద్యోగం," అని, తను ఎందుకలా అన్నదో తనకే తెలియనట్టు గబగబా మెట్లు దిగింది.

నెలకు సర్వే ఫలితాలు వచ్చాయి. మన దంపతులు ఇంట్లో సగటున రోజుకు నాలుగు నిమిషాలు మాట్లాడుకుంటున్నారు. అందులో మూడు నిమిషాలు గ్యాసు, నీళ్లు, పాలవాడు. ఒక నిమిషం కళ్లజోడు ఎక్కడ పెట్టారనే విషయం. కానీ పన్నెండు వందల జంటల్లో ఎనిమిది వందల పన్నెండు జంటలు మనసులో మాట చెప్పుకున్న చోటు ఒక్కటే. ద్విచక్ర వాహనం. ఆయన ముందు, ఆమె వెనక. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. ఇంట్లోవాళ్లకు వినిపించదు. అలా వెళ్తున్నప్పుడు సగటున పందొమ్మిది నిమిషాలు మాట్లాడుకుంటున్నారు.

ఛైర్మన్ గారు నివేదిక మూసి, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"సందేహమే లేదు. కథ యావత్తూ ఆద్యంతం స్కూటరు మీద నడువవలెను."

ఉన్నదీ పోయింది అనుకుంది హైమవతి. తర్వాత మెల్లగా ఒక సంగతి తట్టి, గొంతు మామూలుగా పెట్టుకొని అడిగింది.

"సార్, మరి అత్తగారు?"

"వెనుక కూర్చుండును."

"అప్పుడు ముగ్గురవుతారండీ."

ఛైర్మన్ గారు ఫణికుమారి వంక చూశారు. ఫణికుమారి బల్ల మీద కాగితాలు సర్దింది. "ఒక వాహనంపై ముగ్గురు ప్రయాణించడం నేరం సార్. ప్రభుత్వ సహకారంతో తీసే చిత్రంలో చూపించకూడదు."

అత్తగారు దిగిపోయింది. ఆమె వెనకే తోడికోడలు, తమ్ముడు, పెద్దమనుషులు, పై వాటావాళ్లు, కంటి డాక్టరు, అందరూ దిగిపోయారు. ఛైర్మన్ గారి వదినగారు మాత్రం ఒప్పుకోలేదు. ఆమెను ఒక బస్ స్టాపులో గొడుగుతో నిలబెట్టి, స్కూటరు వెళ్తుంటే చెయ్యి ఊపేలా ఏర్పాటు చేశారు. మిగతా ఇరవై రెండు మందిని కథలోంచి పంపడానికి మూడు నిమిషాలు పట్టింది. హైమవతి తల వంచుకొని కూర్చుంది. మొహం చూస్తే దొరికిపోతానని భయం.

అయితే రహదారి భద్రతా విభాగానికి అభిప్రాయం కోసం ఫైలు వెళ్లింది. అక్కడి నుంచి పదకొండు అంశాలతో తిరిగొచ్చింది. నడిపేవారు, వెనుక కూర్చున్నవారు ఉభయులూ శిరస్త్రాణము ధరించవలెను. శిరస్త్రాణపు ముందు గాజు కిందికి దింపవలెను. వాహనమునకు రెండు వైపులా అద్దములు అమర్చవలెను. వాహనము నడుచుచుండగా సంభాషించుట ఏకాగ్రతకు భంగకరము కావున, సంభాషణలు ఎర్ర దీపము వద్ద ఆగినపుడు మాత్రమే జరుగవలెను.

నాగూర్ ఆ కాగితం చదివి నేల మీద చతికిలబడ్డాడు. "మేడమ్, క్లోజప్ ఎవరికి పెట్టాల? హెల్మెట్టుకా? మొగుడు హెల్మెట్టు, పెళ్లాం హెల్మెట్టు, రెండు హెల్మెట్ల ప్రేమకథా ఇది?"

"ఎర్ర లైటు దగ్గర మాట్లాడుకోవచ్చన్నారు కదా నాగూర్," అంది హైమవతి. "ఈ ఊళ్లో పెద్ద సిగ్నల్ ఎంతసేపు ఆపుతుంది?"

"తొంభై సెకన్లు..." అని నాగూర్ ఆగాడు. "నిమిషంన్నర!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది ఛైర్మన్ గారికి చెప్పకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ చెప్పలేదు.

భర్త వేషానికి నాటకాల పుండరీకం గారినీ, భార్య వేషానికి మాణిక్యాంబ గారినీ తీసుకున్నారు. ఇద్దరూ రంగస్థలం మీద నలభై ఏళ్లు మొహంతోనే బతికినవాళ్లు. హెల్మెట్ పెట్టగానే పుండరీకం గారికి కోపం వచ్చింది. "నా కనుబొమలకు ప్రైజులు వచ్చాయమ్మా," అన్నారు. మాణిక్యాంబ గారు వెనక కూర్చొని, చీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లో ఉంచి, ఆయన భుజం మీద వేశారు. నాగూర్ 'కట్' అని అరవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు.

సిగ్నల్ సన్నివేశం ఆదివారం పొద్దున తీశారు. స్కూటరు ఆగింది. స్తంభం మీద ఎర్ర అంకెలు తొంభై నుంచి దిగడం మొదలైంది. వెనక నుంచి మాణిక్యాంబ గారి గొంతు వచ్చింది. "నన్ను మీరు చివరిసారి చూసిందెప్పుడండీ?"

అరవై. యాభై. పుండరీకం గారికి ఆడించడానికి కనుబొమలు లేవు, పెదవులు లేవు, కళ్లు లేవు. వెనక్కి తిరగాలంటే హెల్మెట్టు అడ్డం. నలభై. వెనకాల నిజం బళ్లవాళ్లు కూడా ఎందుకో హారన్లు ఆపేశారు. పన్నెండు దగ్గర ఆయన ఎడమ చెయ్యి హ్యాండిల్ వదిలి లేచింది. నిబంధన ప్రకారం బిగించిన ఎడమ అద్దాన్ని పట్టుకొని, కొంచెం లోపలికి, ఇంకొంచెం కిందికి తిప్పింది. అద్దంలోకి ఆమె వచ్చింది. ఆమె తన హెల్మెట్టు గాజు పైకెత్తింది. నిబంధనకు అది విరుద్ధం. మూడు, రెండు, ఒకటి. పచ్చ దీపం వెలిగింది. బండి కదల్లేదు.

కట్ చెప్పాక నాగూర్ పక్కకెళ్లి మొహం కడుక్కొని వచ్చాడు.

సినిమా పూర్తయింది. ఒప్పందం ప్రకారం ఒక ప్రతి చలి దేశానికి పంపారు. విడుదలకు నాలుగు రోజుల ముందు అక్కడి నుంచి జవాబు వచ్చింది. మూల చిత్రం తీసిన ముసలావిడ స్వయంగా రాసింది. మీరు నా సినిమాలో ఒక్క ముక్క కూడా మార్చకుండా తీశారు, కృతజ్ఞతలు, అని.

త్రివిక్రమరావు గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. "ఒక్క ముక్క కూడా మార్చలేదా? అయితే స్థానికత ఎచ్చట? విదేశీ దున్న విదేశీ దున్నగానే మిగిలిపోయినదా?" విడుదల నిలిపివేయాల్సిందిగా నోట్ రాయబోతూ పెన్ను పైకెత్తారు. అన్నాళ్లూ పడిన శ్రమ ఆ పెన్ను మొన మీద నిలబడింది. నాగూర్ లేచి నిలబడ్డాడు.

"సార్," అంది ఫణికుమారి. "ఆ పత్రం నా పరిధిలోది. కొలవాల్సింది నేను."

ఆమె నమూనా-7 తీసి అక్కడికక్కడే నింపడం మొదలుపెట్టింది. హెల్మెట్ రెండు, పన్నెండు మార్కులు. ఎర్ర దీపాలు పద్నాలుగు, ఒక్కొక్కటికి రెండు. చీర కుచ్చిళ్లు పట్టుకొనుట, ఎనిమిది. బస్ స్టాపులో బంధువు, తొమ్మిది. ఛైర్మన్ గారు ఆ చివరిదాని దగ్గర తల ఊపారు. నలభై రెండో గడి 'ఇతరములు'. అక్కడ ఆమె పెన్ను చాలాసేపు ఆగింది. తర్వాత ఏమీ రాయకుండానే ఇరవై నాలుగు మార్కులు వేసి సంతకం పెట్టింది.

"మొత్తం ఎనభై ఒకటి," అంది.

ఛైర్మన్ గారు కూడిక సరిచూశారు. కూడిక సరిగ్గానే ఉంది. ఆయన పెన్నుకు మూత పెట్టారు.

విడుదల రోజు పదకొండు గంటల ఆటకు ఛైర్మన్ గారు తెర ముందు నిలబడి ప్రసంగించారు. "ప్రథమ ఈతలోనే ఇట్టి దిగుబడి రావడం ముదావహం. ఇకపై మండలి చిత్రాలలో దాంపత్య సన్నివేశాలన్నీ ద్విచక్ర వాహనంపైనే జరుగునట్లు ఉత్తర్వులు సిద్ధమవుచున్నవి. సిగ్నళ్ల వ్యవధిని నూట ఎనభై సెకన్లకు పెంచవలసిందిగా నగరపాలక అధికారులను కోరుచున్నాము." జనం చప్పట్లు కొట్టారు. హైమవతి తదుపరి సినిమా ఏదో అప్పుడే ఖరారైంది. సముద్రం మధ్య దీపస్తంభంలో కాపురముండే జంట కథ. అందులోకి స్కూటరు ఎలా ఎక్కించాలో తర్వాత చూసుకుందామనుకుంది.

ఆట మొదలైంది. సిగ్నల్ సన్నివేశం రాగానే వెనక వరుసలో కాలేజీ పిల్లలు అంకెలు పైకి లెక్కపెట్టారు. డెబ్బై దాకా నవ్వుతూ, యాభై దాకా మెల్లగా. ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరికీ కరెంటు పోయిందన్న అనుమానం రాలేదు. పక్క సీట్లో నరహరి తెర వైపే చూస్తున్నాడు. హైమవతి ఆయన మొహం చూద్దామనుకొని, ఎందుకో చూడలేదు.

ఆట వదిలాక పార్కింగు దగ్గర విచిత్రంగా ఉంది. మామూలుగా అయితే నేను ముందంటే నేను ముందని బళ్లు గుద్దుకుంటాయి. ఆరోజు జంటలు నెమ్మదిగా హెల్మెట్లు పెట్టుకొంటున్నారు. ఒకాయన భార్య గడ్డం కింద బెల్టు బిగించలేక తంటాలు పడుతున్నాడు. ఆమె ఓపిగ్గా మెడ ఎత్తి నిలబడింది. వాళ్ల వెనకాల ఫణికుమారి ఫోను చెవి దగ్గర పెట్టుకొని, "ఈ ఆదివారమన్నా వస్తారా? వస్తే ఎవరి బండన్నా అడిగి తీసుకుందాం," అంటోంది.

నరహరి బండి తీశాడు. హైమవతి ఎక్కింది. చలికాలపు ఎండ ఒంటికి హాయిగా ఉంది. బండి ఏలూరు రోడ్డెక్కింది. సినిమా ఎలా ఉందో ఆమె అడగలేదు. దారిలో ఉన్న ఒక్క సిగ్నలూ పచ్చగానే ఉంది. తమ సందు వచ్చింది. నరహరి తిరగలేదు. మెడికల్ షాపు, ఇస్త్రీ బండి, అలవాటైన మలుపు అన్నీ పక్కనుంచి వెళ్లిపోయాయి.

ఇరవై ఆరేళ్లుగా ఆయన పరధ్యానంలో మలుపు దాటినప్పుడల్లా ఆమె వీపు మీద తట్టి చెప్పేది. ఈసారి చెయ్యి ఎత్తి, తట్టకుండా అక్కడే ఆనించి ఉంచింది. బండి బ్యారేజీ వైపు తిరిగింది. కృష్ణ మీది నుంచి చల్లటి గాలి కొట్టింది.

"ఎక్కడికండీ?" అని అరిచింది గాలిలో వినబడేలా.

నరహరి బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. హెల్మెట్టు గాజు పైకెత్తి, మెడ వీలైనంత వెనక్కి తిప్పాడు.

"ట్యాంకు నిండా పెట్రోలుంది," అన్నాడు.